గోదారి మీద పగటి భోజనం, కృష్ణ మీద రాత్రి విందు

సీజన్ మొదలయ్యాక ఆదివారం పొద్దున్నే గండిపోచమ్మ గుడి రేవులో కాలు పెట్టడానికి సందు దొరకదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం వైపుల నుంచి చీకటితో బయల్దేరిన కార్లూ టెంపో ట్రావెలర్లూ రాజమండ్రి మీదుగా వచ్చి గట్టు పొడవునా బారులు తీరతాయి. కొందరు అమ్మవారికి కొబ్బరికాయ కొట్టే పనిలో ఉంటే, మిగిలినవాళ్ళు టికెట్ కాగితం పట్టుకుని పేర్లు రాయించుకునే వరసలో నిలబడతారు. లైఫ్ జాకెట్ తాళ్ళు బిగించుకోవడం చేతకాక పెద్దావిడలు మనవల్ని కేకేస్తారు. పలక మీదుగా ఒక్కొక్కరే బోటెక్కాక, ఇక పై అంతస్తులో రెయిలింగ్ పక్క కుర్చీ కోసం పరుగే పరుగు.

రేవు వదిలిన కాసేపటికే మైకు మోగుతుంది. ఏ ఊరినుంచి వచ్చారో అడిగి ఊరూరికీ చప్పట్లు కొట్టించే యాంకరు, సినిమా పాటలకి స్టెప్పులేసే డాన్సర్లు, మధ్యలో ఓ మిమిక్రీ, పిల్లలకి పోటీలు. కొత్తగా పెళ్ళయిన జంటని లేపి ఆడించకపోతే ఆ ట్రిప్పు ట్రిప్పే కాదు. పొద్దున టిఫినూ మధ్యాహ్నం భోజనమూ సాయంత్రం టీ అన్నీ టికెట్లోనే. భోజనం చాలా ప్యాకేజీల్లో శాకాహారమే. బొంగు చికెన్ మీద మనసైనవాళ్ళు బోటు పేరంటపల్లిలోనో పోచవరంలోనో ఆగేదాకా ఓపిక పట్టాలి. అక్కడ ఒడ్డున వెదురు గొట్టాల్లో మాంసం కుక్కి నిప్పుల మీద కాల్చి ఇచ్చేవాళ్ళు ఉంటారు.

పాట ఉంది, ఆట ఉంది, వడ్డన ఉంది. లేనిది రాత్రి ఒక్కటే.

ప్రపంచంలో నది ఉన్న పెద్ద నగరం ఏదైనా సాధారణంగా చీకటి పడ్డాక పడవ మీద బల్లలు పరుస్తుంది. దీపాలు వెలిగించి, వాద్యబృందాన్ని కూర్చోబెట్టి, రెండు గంటలపాటు అలా అలా తిప్పి తీసుకొస్తుంది. గోదావరి మీద మాత్రం పండగంతా పట్టపగలే. పొద్దు వాలేసరికి లాంచీలు రేవుకి చేరిపోవాలి. పాపికొండల సందులో వెన్నెల చూస్తూ భోంచేయాలని ఊహించుకున్నవాళ్ళకి ఇది కాస్త నిరాశే. కానీ అందులో ఒక లెక్క ఉంది.

రాత్రి ఉన్న గోదావరి సినిమాల్లోనే

నిజానికి ఆ వెన్నెల భోజనాన్ని మన బుర్రల్లో నాటింది సినిమా. 1964లో వచ్చిన ఆదుర్తి సుబ్బారావు 'మూగమనసులు'లో అక్కినేని గోదావరి మీద పడవ నడిపాడు. 1973లో బాపు, రమణ కలిసి 'అందాల రాముడు' తీశారు. రాజమండ్రి నుంచి భద్రాచలం రామయ్య కల్యాణానికి వెళ్ళే లాంచీయే ఆ కథకి ఇల్లూ వాకిలీ. కలవారూ లేనివారూ, తిట్టుకునేవాళ్ళూ ప్రేమించుకునేవాళ్ళూ అందరూ ఒకే పడవలో తింటారు, పాడతారు, నిద్రపోతారు. బాపు పుట్టింది నరసాపురంలో, రమణ పుట్టింది ధవళేశ్వరంలో. ఒకరిది సముద్రానికి దగ్గర గోదావరి, ఇంకొకరిది ఆనకట్ట దగ్గర గోదావరి. ఆ సినిమాలో నీళ్ళు అంత సొంతంగా కనిపించడం అందుకే కాబోలు.

మళ్ళీ 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'తో అదే దారిలో లాంచీ కదిలింది. సుమంత్, కమలినీ ముఖర్జీ ఆ పడవ మీద రోజుల తరబడి తిరుగుతారు. సినిమా చూసి పాపికొండలకి బయల్దేరిన కుటుంబాలు గోదావరి జిల్లాల్లో కోకొల్లలు. వాళ్ళకి దొరికింది మాత్రం పొద్దున ఎక్కి సాయంత్రం దిగే ప్రయాణం. రెండు రోజుల ప్యాకేజీ ఉన్న రోజుల్లో కూడా రాత్రి బోటు మీద కాదు. కొల్లూరు దగ్గర ఇసుక తిన్నెల మీద కట్టిన వెదురు గుడిసెల్లో దింపేవారు. మంట వేసి, పాటలు పెట్టి, అన్నం అక్కడే వడ్డించేవారు. బోటు ఒడ్డుకి కట్టేసి ఉండేది. గోదావరి మీద బతికేవాళ్ళకి నది సంగతి తెలుసు కాబట్టే విందుని ఇసుక మీదికి మార్చారు.

రాజమండ్రి దగ్గర మూడు కిలోమీటర్లకి దగ్గరగా పరచుకునే నది, పాపికొండల మధ్య కొన్ని వందల మీటర్లకి కుంచించుకుపోతుంది. అంత నీరూ ఆ సందులోంచే రావాలి. అందుకని లోతు పెరుగుతుంది, మలుపుల్లో సుళ్ళు లేస్తాయి. ఎగువన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే ఎర్రనీళ్ళు దిగుతాయి. కొట్టుకొచ్చే మానులు పగలే కళ్ళు చికిలించి చూస్తే గానీ కనబడవు. రాత్రి వాటిని ఏ సరంగూ తప్పించలేడు. ఇంజను ఆగితే పట్టుకోవడానికి ఒడ్డున రేవు ఉండదు, నిట్టనిలువు కొండే ఉంటుంది. ఇప్పుడు పోలవరం ప్రాజెక్టు కట్టడాలు నీటిమట్టాన్ని కూడా మార్చేశాయి. దేవీపట్నం మండలంలో ఎన్నో ఊళ్ళు ఖాళీ అయి, జనం పునరావాస కాలనీలకి తరలిపోయారు. బోటు ఆ ఊళ్ళ పక్కనుంచే వెళుతుంది. మైకులో వాటి పేర్లు అంతగా వినిపించవు.

కచ్చులూరు

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గండిపోచమ్మ రేవునుంచి బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటులో సిబ్బందితో కలిపి 77 మంది ఉన్నారు. నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద పారుతోంది. కచ్చులూరు మలుపు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. బోటు ఒరిగి తిరగబడింది. ఒడ్డున ఉన్న గిరిజనులు తమ చిన్న పడవలతో వెళ్ళి అందినవాళ్ళని అందినట్టు లాగారు. 26 మంది బయటపడ్డారు. 51 మంది ఇళ్ళకి తిరిగి రాలేదు. దాదాపు 200 అడుగుల లోతుకి జారిపోయిన బోటుని నౌకాదళం దగ్గరున్న పరికరాలతోనూ తీయలేకపోతే, కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప తాళ్ళూ లంగర్లూ వేసి 37 రోజుల తరవాత, అక్టోబరు 22న, పైకి తెచ్చింది.

పగలు, అదీ మిట్టమధ్యాహ్నం, జరిగింది ఇది. దీనికి రాత్రిని కలిపి ఊహించుకుంటే పొద్దు వాలకముందే రేవు చేరాలన్న నియమం మీద ఎవరికీ విసుగు రాదు.

ఆ తరవాత పర్యాటక బోట్లన్నీ చాలాకాలం ఆగిపోయాయి. రాష్ట్రంలో తొమ్మిది చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములు పెట్టారు. వాటిలో గండిపోచమ్మ, సింగన్నపల్లి, పేరంటపల్లి, పోచవరం ఈ దారిలోవే. ఎక్కేవాళ్ళ పేర్లు రాసుకోవడం, జాకెట్ లేనిదే బోటు కదలకపోవడం, వరద వస్తే నెలల తరబడి ప్రయాణాలు ఆపేయడం ఇప్పుడు మామూలైంది. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో దేశమంతటికీ కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్ తనిఖీ, బీమా, అర్హత ఉన్న సరంగు లేకుండా ఇంజను బోటు నడపడం నేరం. కాగితం మీద ఇవన్నీ బాగానే ఉన్నాయి. రేవులో ఎవరు అడుగుతారన్నదే ఎప్పటికీ ప్రశ్న.

బ్యారేజి వెనక బల్లలు

మరి రాత్రి విందు మన దగ్గర ఎక్కడుందంటే, ఏలూరునుంచి గంటన్నర ప్రయాణం చేస్తే దొరుకుతుంది. విజయవాడ ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణ దాదాపు చెరువులా నిలిచి ఉంటుంది. 1957లో పూర్తయిన ఆ బ్యారేజి 70 గేట్లతో మూడు టీఎంసీల చిల్లర నీటిని పట్టి ఉంచుతుంది. ప్రవాహం తెలియదు. కెరటం లేదు. ఒకవైపు ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ గుడి దీపాలు, ఇంకోవైపు 133 ఎకరాల భవానీ ద్వీపం. పర్యాటకాభివృద్ధి సంస్థ వారి బోధిసిరి అనే రెండంతస్తుల పడవ సంగతి పుట్టినరోజులూ పెళ్ళిరోజులూ నీటి మీద చేసుకోవాలనుకునే బెజవాడ వాళ్ళకి బాగా తెలుసు. పడవని గంటల లెక్కన మాట్లాడుకుని, కేకూ బిర్యానీ ఎక్కించుకుని, పాటలు పెట్టుకుని తిరిగే ఏర్పాటు అది.

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ కథా ఇదే. అక్కడ నది లేదు, 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన చెరువు ఉంది. లుంబినీ పార్కు జెట్టీనుంచి భాగమతి, భగీరథి అనే పెద్ద పడవలు సాయంత్రాలు పాటలతో తిరుగుతాయి. ఆ చెరువు మధ్యలో నిలబడ్డ బుద్ధుడు కూడా ఒకసారి నీళ్ళలోకి జారినవాడే. 1990 మార్చిలో విగ్రహాన్ని తీసుకెళుతున్న బార్జి ఒరిగిపోయి ఎనిమిది మంది చనిపోయారు. 1992 డిసెంబరులో గానీ విగ్రహాన్ని తీసి నిలబెట్టలేకపోయారు. నిలిచిన నీరు కదా అని నిర్లక్ష్యం చేస్తే అదీ ఊరుకోదు.

కృష్ణలోనూ ఆ దెబ్బ తగిలింది. 2017 నవంబరు 12, కార్తిక మాసపు ఆదివారం సాయంత్రం. పవిత్ర సంగమం దగ్గర హారతి చూద్దామని బయల్దేరినవాళ్ళతో నిండిన ఓ పడవ ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర బోల్తా పడి 20 మందికి పైగా మరణించారు. ఆ పడవకి అక్కడ తిరిగే అనుమతే లేదు. విచిత్రమేమిటంటే, ఆ సంగమం సగం ఏలూరు జిల్లాదే. పట్టిసీమ దగ్గర పంపులు తోడిన గోదావరి నీళ్ళు పోలవరం కుడి కాలువ వెంట జిల్లా అంతా దాటుకుని వచ్చి కృష్ణలో కలిసే చోటు అది. 2016 కృష్ణా పుష్కరాల నాటినుంచి అక్కడ సాయంత్రం హారతి చూడటం జనానికి అలవాటైంది.

ఇక నిలకడ నీళ్ళు కూడా ఏడాదంతా నిలకడగా ఉండవు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అది రికార్డు. ఎగువన కట్టేసిన బోట్లు తెంచుకుని వచ్చి గేట్ల మీద పడ్డాయి. ఆ రోజుల్లోనే బుడమేరు పొంగి బెజవాడలో సగం ఊరిని ముంచింది. ఆ నీళ్ళన్నీ చివరికి చేరింది కొల్లేటికే.

సీన్, థేమ్స్, సబర్మతి

పారిస్ నగరంలో సీన్ నది మీద విందు పడవలంటే ప్రపంచమంతా చెప్పుకుంటుంది. జాన్ బ్రుయెల్ అనే వ్యాపారి 1949లో మొదలుపెట్టిన 'బాతో మూష్' పడవలు ఈ వ్యాపారానికి పెద్దన్నలాంటివి. అయితే పారిస్‌లో సీన్ దానంతటదే అంత నిదానంగా ఉండదు. దిగువన సురెన్ దగ్గరున్న ఆనకట్ట, లాకులు నగరంలో నీటిమట్టాన్ని పట్టి ఉంచుతాయి. వరదొస్తే వంతెనల కింద సందు చాలక అక్కడా పడవలు ఆగిపోతాయి.

మనకి దగ్గర్లో అహ్మదాబాదు సంగతి ఇంకా స్పష్టం. సబర్మతి ఒకప్పుడు ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. నర్మద కాలువ నీళ్ళు తెచ్చి పోసి, దిగువన వాసణా బ్యారేజితో ఆపితే ఊరి మధ్య నిండు నది తయారైంది. దాని మీద 2023 జులైలో 'అక్షర్ రివర్ క్రూజ్' మొదలైంది. భోజనం, పాటలు, తెర మీద ప్రదర్శనలు అన్నీ కలిపి రెండు గంటల లోపు ముగిసే తేలే హోటలు అది. గోవాలో పణజి దగ్గర మాండవి మీద సాయంత్రం పడవల్లో దేఖ్ణీ, ఫుగ్డీ నాట్యాలు చూపిస్తారు. అక్కడ నది సముద్రంలో కలిసే ముఖం, వెడల్పు ఎక్కువ, వాలు తక్కువ. కేరళ హౌస్‌బోట్ల మీద రాత్రి గడిపామని చెప్పుకునేవాళ్ళు నిజంగా గడిపేది ఒడ్డుకి కట్టేసిన పడవలోనే. జాలర్లు వలలు వేసుకునే వేళ కాబట్టి పొద్దుగూకేసరికి ఇంజన్లు ఆపేయాలి.

లండన్ అనుభవం కచ్చులూరు తెలిసినవాళ్ళని ఉలిక్కిపడేలా చేస్తుంది. 1989 ఆగస్టు 20 తెల్లవారుజామున థేమ్స్ మీద ఓ పుట్టినరోజు విందు నడుస్తోంది. 'మార్షనెస్' అనే ఆ విహార నౌకని ఇసుక తవ్వే పెద్ద ఓడ గుద్దింది. చనిపోయినవాళ్ళు 51 మంది. కచ్చులూరులోనూ అదే సంఖ్య. దర్యాప్తులు, పోరాటాలు సాగి సాగి 2002 జనవరిలో థేమ్స్ మీద నాలుగు చోట్ల రక్షక పడవల కేంద్రాలు తెరిచారు. పిలుపు రాగానే నిమిషాల్లో బయల్దేరే ఏర్పాటు. వాటిలో టవర్ కేంద్రం ఆ దేశంలోని అలాంటి కేంద్రాలన్నిటిలోకీ రద్దీ అయినదని పేరు. లండన్‌లో ఇవాళ థేమ్స్ మీద నిశ్చింతగా భోంచేసేవాళ్ళ వెనక ఆ పడవలున్నాయి. విందు పడవ ఖర్చులో వంటవాడికీ పాటగాడికీ అయ్యేది చిన్న భాగం. అసలు ఖర్చు ఎవరికీ కనబడని ఆ కాపలాది.

ఏలూరు కాలువ మీద రాత్రి ప్రయాణాలు

ఏలూరు వాళ్ళకి ఊళ్ళో ఓ ఏరు లేకపోలేదు. తమ్మిలేరు ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి, వానాకాలంలో ఒక్కసారిగా ఊరి మీదికి వచ్చే ఏరు అది. దాని మీద పడవ మాట ఎవరూ తలపెట్టరు. పడవ నడిచింది కాలువ మీద.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. వాటి వెనకున్న ఇంజనీరు ఆర్థర్ కాటన్‌కి నీరు పొలానికి ఎంత ముఖ్యమో పడవకీ అంతే ముఖ్యం. రైళ్ళకి పెట్టే డబ్బు కాలువలకి పెట్టమని బతికున్నంతకాలం వాదించినవాడు ఆయన. విజ్జేశ్వరం దగ్గర గోదావరి వదిలిన కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వస్తుంది. బెజవాడనుంచి కృష్ణ కాలువా అక్కడికే వస్తుంది. రెండు నదుల నీళ్ళూ ఏలూరులో ముఖాముఖి అవుతాయి. అలా కాకినాడలో ఎక్కిన సరుకు లాకులు దాటుకుంటూ, బెజవాడలో కృష్ణ దాటి, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు దాకా నీటి మీదే వెళ్ళగలిగేది.

ఆ పడవలది నత్తనడక. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు లాగే మనుషులు. రాత్రంతా సాగే ప్రయాణంలో తినడం, కబుర్లు చెప్పుకోవడం, తెలిసినవాడు ఓ పద్యం అందుకోవడం తప్ప పనేముంటుంది? కాలువ నీటికి వాలు కొంచెమే, లాకుల మధ్య లోతూ కొంచెమే, రెండు చేతుల దూరంలో గట్టు. అందుకే ఆ రోజుల్లో జనం రాత్రిపూట నిర్భయంగా నీటి మీద నిద్రపోయారు. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' కూడా మొగల్తూరునుంచి ఇంగ్లండు దాకా వెళ్ళే మహాయాత్రని నరసాపురంలో కాలువ ప్రయాణంతోనే మొదలుపెట్టి, నిడదవోలులో రైలెక్కుతాడు. 1890లలో రైలు, 1900లో గోదావరి మీద హావ్‌లాక్ వంతెన వచ్చాక జనం మెల్లగా పడవలు దిగిపోయారు. తరవాత లారీలొచ్చి సరుకునీ దింపేశాయి.

ఆ దారిని మళ్ళీ తెరుస్తామని 2008లో కేంద్రం కాకినాడ, పుదుచ్చేరి మధ్య కాలువలూ గోదావరి, కృష్ణ నదుల భాగాలూ కలిపి 1,078 కిలోమీటర్ల నీటిదారిని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది. అందులో ఏలూరు కాలువ వాటా 139 కిలోమీటర్లు. ఇవాళ ఆ 139 కిలోమీటర్లలో కనిపించేవి తక్కువ ఎత్తు వంతెనలు, గుర్రపుడెక్క, ఊళ్ళ మురుగు, వేసవిలో కాలువ కట్టేస్తే బయటపడే బురద. తాడేపల్లిగూడెంలో కాలువ గట్టు మీద నిలబడి ఇక్కడ దీపాల పడవ తిరిగితే ఎంత బావుంటుందో అనుకోని వాళ్ళు ఉండరు. ముందు వంతెనల కింద ఆ పడవ పట్టాలి కదా.

స్వామివారి విహారం

దీపాలు, వాద్యాలు, నీటి మీద తిరిగే అలంకరించిన పడవ, ఒడ్డున వేలమంది జనం. ఇది ఏలూరు జిల్లాకి కొత్తేమీ కాదు. కాకపోతే ఆ పడవలో విందు దేవుడికి. ద్వారకా తిరుమలలో ఏటా కార్తిక శుద్ధ ద్వాదశి, అంటే క్షీరాబ్ది ద్వాదశి నాడు, చినవెంకన్నకి నృసింహ సాగరంలో తెప్పోత్సవం జరుగుతుంది. విజయవాడలో విజయదశమి సాయంత్రం గంగా దుర్గా సమేత మల్లేశ్వర స్వామి హంస వాహనం మీద కృష్ణలో మూడుసార్లు విహరిస్తాడు. భద్రాచలంలో వైకుంఠ ఏకాదశి ముందురోజు సాయంత్రం రాముడి హంస వాహనం గోదావరి మీద తేలుతుంది.

అనుభవం అంటే ఈ ఉత్సవాలది. కృష్ణలో ప్రవాహం ఎక్కువగా ఉన్న ఏళ్ళలో హంస వాహనాన్ని కదలనివ్వకుండా ఒడ్డునే ఉంచి పూజ జరిపించేస్తారు. ఎక్కే మనుషుల సంఖ్యకి ముందే హద్దు పెడతారు, ట్రయల్ రన్ చేసి చూస్తారు. దేవుడికే ఇన్ని జాగ్రత్తలు ఉన్నప్పుడు టికెట్ కొన్న మనిషికి ఎన్ని ఉండాలి!

కొల్లేటి మీద మైకు వద్దు

రాత్రి నీటి మీద గడపాలన్న సరదా తీరని తాడేపల్లిగూడెం కుటుంబాలు పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి దిండికి వెళతాయి. వశిష్ఠ పాయ మీద అక్కడి రిసార్టు హౌస్‌బోట్లు కేరళ పద్ధతిలో కట్టినవి. కొబ్బరితోటల నీడ, కోనసీమ భోజనం. సంగీతమంటే ఎవరి ఫోను వాళ్ళదే.

ఇంకా చౌకగా కావాలంటే నరసాపురం మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కడమే. సఖినేటిపల్లి వైపు మోటారు సైకిళ్ళతో, కూరగాయల బుట్టలతో, స్కూలు పిల్లలతో నిండిపోయే ఆ పంటు మీద సూర్యాస్తమయం టికెట్లో కలిసే వస్తుంది. యాంకరు ఉండడు.

కొల్లేరు సంగతికొస్తే, ఇక్కడ నీరు నిలకడే. లోతూ తక్కువే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిపోసే నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయేలోగా ఇక్కడ విశ్రాంతి తీసుకుంటుంది. తాటి దోనె గడతో నెట్టుకుంటూ వెళ్ళే జాలరిని చూసినవాళ్ళకి, రెండు దోనెలు కలిపి కట్టిన సంగడి మీద విందు వడ్డిస్తే ఎలా ఉంటుందోనన్న ఆలోచన రాక మానదు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి తరతరాలుగా జనం పడవల మీదే వెళ్ళారు. జలదుర్గా గోకర్ణేశ్వరుల కల్యాణం నాడు ఆ లంకంతా దీపాలే, మేళాలే.

కానీ అది ఏడాదికోసారి అమ్మవారి కోసం జరిగే సందడి. ప్రతి శనివారం రాత్రి డీజే బాక్సులు పెట్టుకుని తిరిగే పడవ వేరు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది. చేపల చెరువులు సరస్సుని ఎంత మింగాయో, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట గట్లు ఎలా పేల్చారో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖ వారు గూడబాతుల్ని చూపించడానికి పడవలు నడుపుతారు. పొద్దు వాలే వేళ గూళ్ళకి చేరే పక్షుల చప్పుడే అక్కడి కచేరీ. దాన్ని వినడానికి నోరు మూసుకుని కూర్చోవాలి, అంతే. కొర్రమీను పులుసూ బొమ్మిడాయిల ఇగురూ దిగాక కైకలూరులోనో ఆకివీడులోనో తింటే రుచి ఏమీ తగ్గదు.

రాజమండ్రి వైపు చూపు

రాత్రి విందు పడవకి గోదావరి మీద చోటు ఎక్కడైనా ఉందంటే అది పాపికొండల్లో కాదు, రాజమండ్రి, కొవ్వూరుల మధ్య. అక్కడ నది ధవళేశ్వరం కాటన్ బ్యారేజి వెనక నిలిచి ఉంటుంది. ఒకవైపు పుష్కర ఘాట్‌లో సాయంత్రం హారతి, ఇంకోవైపు 1997లో రైళ్ళు ఆగిపోయిన హావ్‌లాక్ వంతెన, దాని పక్కన అదే ఏడాది వచ్చిన ఆర్చి వంతెన, ఎగువన 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన. దీపాలు పెట్టాలే గానీ చూపించడానికి సరుకు పుష్కలం. 2025 జూన్ 26న అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది. 94.44 కోట్ల రూపాయల ఆ ప్రణాళికకి గుండెకాయ పాత హావ్‌లాక్ వంతెనే. 2027లో గోదావరి పుష్కరాలు. తాడేపల్లిగూడెంనుంచి అక్కడికి రైల్లో గంట.

పుష్కరాల హడావిడిలో పడవలు దించడానికి చాలామంది ముందుకొస్తారు. వాళ్ళు ఎంత కొత్త ఇంజను పెట్టినా, ఎంత మంచి పాటగాణ్ణి తెచ్చినా, ఏడాదిలో మూడు నాలుగు నెలలు ఆ పడవని కట్టేసి ఉంచడానికి సిద్ధపడే వ్యాపారం చేస్తున్నారో లేదో ముందు తేలాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకి ఈ అంకెలు ఇంటి నంబరులా గుర్తుంటాయి. ఏలూరునుంచి వచ్చే కొత్త జంటకి గుర్తుండవు. అందుకని టికెట్ కౌంటరు దగ్గర ఆ రాత్రి మెనూ రాసిపెట్టే బోర్డు మీదే, పనీర్ కూరకి పైన, ఆ సాయంత్రం ధవళేశ్వరం నీటిమట్టం కూడా రాసి ఉంచాలి. పడవలో ఎంతమందికి చోటుందో, ఇప్పటికి ఎంతమంది ఎక్కారో దాని కిందే.